డర్క్ పేరు మీదికి పోయిన మధ్యాహ్నం

గోడకవతల వాళ్ళిద్దరూ మళ్ళీ నవ్వారు, నా చేతిలో దువ్వెన లెనోరా తలమీదే ఆగిపోయింది. పెద్ద నవ్వేం కాదు. ఒకరు ఏదో అన్నారు, రెండోవాళ్ళు పోవే అన్నట్టు నవ్వారు, అంతే. ఈ హైస్కూలు గోడలు అట్టముక్కల్లాంటివి, పక్కగదిలో ఇస్త్రీపెట్టె దించిన చప్పుడు కూడా ఇవతలికి తెలుస్తోంది. మాకు పిల్లలకి వంటలు నేర్పే గది ఇచ్చారు, వాళ్ళకి బ్యాండు వాయిద్యాలు పెట్టే గది. ఇంకాసేపట్లో ఈ బడి హాల్లోనే చర్చ, ఎన్నికల ముందు ఆఖరి చర్చ. ఇటు మా జిల్లా సెనేటరు లెనోరా విస్సర్, అటు పశువుల డాక్టరు ఇంగ్రిడ్ సోలెం. ఆ నవ్విన రెండో మనిషి టిల్డా, ఇంగ్రిడ్‌తో కాపురం చేస్తున్న మనిషి. ఇందులో గుట్టేమీ లేదు, ఇంగ్రిడ్ దాచుకునే రకం కాదు. తన ప్రచారపు కరపత్రం మీద టిల్డాని, వాళ్ళ పాప మరెన్‌ని, మూడు కాళ్ళ కుక్కని పక్కన పెట్టుకుని గడ్డిమోపుల ముందు నిలబడ్డ ఫోటో వేసుకుంది. మా ఊళ్ళో చాలామంది దాన్ని గుమ్మంలోనే చించేశారు. నేను చించలేదు. ఆ ఫోటోలో టిల్డా చెయ్యి ఇంగ్రిడ్ భుజం మీద ఎలా పడి ఉందో, అక్కడ చెయ్యి ఉందన్న సంగతే మర్చిపోయినట్టు ఎలా పడి ఉందో, అది చూస్తూ కూర్చున్నాను, పొయ్యి మీద సూపు మాడిపోయేదాకా.

"ఏమైంది, ఆగావేం?" అద్దంలోంచి అడిగింది లెనోరా. చిక్కు పడిందన్నాను. ఆవిడ జుట్టు చిక్కుపడదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పెదవులు కదుపుతూ తన మాటలు తను వల్లించుకుంటోంది. నేను మెడ దగ్గర కుచ్చు తీసి చుట్టి క్లిప్పు పెట్టాను. నలుగురిలో ఆవిడని తాకడానికి నాకు ఒప్పుకున్న చోటు ఈ తల ఒక్కటే. సెనేటరు గారి జుట్టు నడీన్ చేస్తుందని జిల్లా అంతా ఎరుగుదురు, అందుకే నేను ఆవిడతో హోటళ్ళకి పోవచ్చు, ప్రచారం వ్యానులో వెనకసీట్లో కూర్చోవచ్చు, వాళ్ళింటికి వంటింటి గుమ్మంలోంచి వెళ్ళచ్చు. ఆవిడ కణతల దగ్గర నా వేళ్ళు ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగినా అది పనికిందే జమ. ఇంతకంటే ఏం కావాలని చాలా ఏళ్ళు నన్ను నేనే అడిగాను. ఈమధ్య జవాబు వస్తోంది. నాకు ఆ గడ్డిమోపులు కావాలి. ఆ మూడు కాళ్ళ కుక్క కావాలి. మర్చిపోయి భుజం మీద పడేసిన చెయ్యి కావాలి.

డర్క్ తలుపు తోసుకుని వచ్చాడు, లెనోరా భర్త. ఆయనకి తలుపు తట్టాల్సిన అవసరం లేదు కదా. దాణామిల్లు పిండివాసన ఎంత కడుక్కున్నా వదలని పెద్ద చెయ్యి, ఆ చేత్తో భార్య కోటు పట్టుకుని, "ఇది నేను ఉంచుకోనా, పైకి వేసుకుంటావా?" అన్నాడు. ఉంచుకోమంది. వంగి, జుట్టు చెదరకుండా బుగ్గమీద ముద్దుపెట్టి, "బ్రహ్మాండంగా చేశావు నడీన్," అని వెళ్ళిపోయాడు. మంచివాడు. అదే నా ఖర్మ, చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది. వాళ్ళ గదులు వేరయి చాలాకాలమైంది, రాత్రుల గురించి నాకు బాధ లేదు. నా కడుపుమంటంతా చిల్లర విషయాల మీద. హోటల్లో వాళ్ళిద్దరికీ అడక్కుండా ఒకే బిల్లు తెచ్చి పెడతారు. ఆవిడకి జ్వరమొస్తే చర్చి ఆడవాళ్ళు బంగాళాదుంపలు, చీజ్ వేసి కాల్చిన వంటకం గిన్నెలో పట్టుకుని ఆయన ఇంటికి పోతారు, పాపం డర్క్ ఎలా నెట్టుకొస్తున్నాడో అంటారు. ఆ జ్వరానికి నేనూ నిద్రపోలేదు, నా గుమ్మంలోకి గిన్నె రాలేదు. ఆవిడకి రొమ్ములో గడ్డ వచ్చి, ఆపరేషనయి, ఆ మందులు ఎక్కిస్తున్న రోజుల్లో ఆసుపత్రికి వెళ్తే నర్సు అడిగింది, మీరు పేషెంటుకి ఏమవుతారండీ అని. జుట్టు చేస్తానండీ అన్నాను. అప్పటికి లెనోరా తలమీద ఒక్క వెంట్రుక లేదు. నర్సు నవ్వింది, నేనూ నవ్వాను, కుటుంబ సభ్యులకి మాత్రమే అని తలుపు వేసేసింది.

తలుపు చప్పుడయింది. ఈసారి టిల్డా. నల్లగౌను, కాళ్ళకి మంచులో తిరిగే బూట్లు, గోళ్ళకింద ఏదో నీలం రంగు, పాపకి బొమ్మలేసిచ్చి వచ్చినట్టుంది. "ఏమనుకోకండి, పిన్నీసు ఉందా? మా డాక్టరమ్మకి కోటుగుండీ ఊడింది. ఆవుకి కుట్లేస్తుంది గానీ గుండీ కుట్టుకోవడం రాదు, చెప్పి చెప్పి నా నోరు పోయింది."

నా పెట్టెలోంచి తీసిచ్చాను. లెనోరా కుర్చీలోంచే నవ్వింది, పోస్టర్ల మీది నవ్వు. "పాప బావుందా?"

"అమ్మమ్మ దగ్గర దించి వచ్చామండీ. ముందుపన్ను ఊడింది, అందరికీ నోరు తెరిచి చూపిస్తోంది."

"అయ్యో, ముద్దొస్తుంది ఆ వయసు."

"ఆ, మరీను. థాంక్సండీ," అని నావంక చూసి వెళ్ళిపోయింది. లెనోరా మొహం మీంచి నవ్వు దిగిపోయింది. నేను మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. మా డాక్టరమ్మ. ఎంత తేలిగ్గా అంది, విసుక్కుంటూ అంది, చేతిసంచి కుర్చీలో పడేసినట్టు అంది. నేను మా లెనోరా అని ఒక్కసారైనా పైకి అన్నానా? కారులో ఒక్కదాన్నే పోతూ ఒకసారి అని చూశాను, అద్దాలన్నీ ఎత్తుకుని. సొంత గొంతుకే భయమేసింది.

ఆ పాప గురించి అంత ముద్దుగా అడిగిన మనిషే ఆ సవరణ తెచ్చింది. ఈ ఎన్నికల్లోనే జనం దానికి ఓటేస్తే రాష్ట్ర రాజ్యాంగంలో చేరుస్తారట, పెళ్ళంటే ఒక మగవాడికీ ఒక ఆడదానికీ నడుమ జరిగేదేనని, దాన్ని పోలిన మరే బంధాన్నీ రాష్ట్రం గుర్తించదని. ఆసుపత్రిలో గుర్తించదు, ఇంటి హక్కులో గుర్తించదు, పిల్లల విషయంలో గుర్తించదు. మరెన్‌ని కన్నది ఇంగ్రిడ్, కాబట్టి టిల్డా ఆ పిల్లకి ఏమీ కాకుండా పోతుంది. ఆ వాక్యాలు లెనోరా మొదట చదివింది నా వంటింట్లోనే, పార్లరు వెనక గదిలో, నా బల్ల దగ్గర నా కప్పులో కాఫీ తాగుతూ. చదువుతూ చదువుతూ ఆగి, "ఇది మన గురించి కాదు, నడీన్," అంది. నేను పెనం మీద గుడ్లు తిప్పుతున్నాను. మరెవరి గురించి అని అడగలేదు. ఇది లేకపోతే చర్చి వాళ్ళు నిలబడరని, పార్టీ మరొకణ్ణి చూసుకుంటుందని, తను పోతే రైతుల ఆసుపత్రికి నిధులు అడిగే దిక్కుండదని, అన్నీ నిజాలే చెప్పింది. నాకు అప్పుడు కోపం కూడా రాలేదు. మన గురించి అంది కదా, ఆ మన అనే మాట నోట వచ్చింది కదా అని, సిగ్గులేకుండా ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

హాలు నిండిపోయింది. ఎప్పట్లాగే వేదిక మెట్లపక్కన గోడకానుకుని నిలబడ్డాను, నడుముకి ఏప్రను, జేబులో దువ్వెన, స్ప్రే. ముందువరసలో కుడిపక్క కుర్చీలకి విస్సర్ కుటుంబం అని కాగితం అంటించారు, ఎడమపక్క సోలెం కుటుంబం అని. కుడిపక్క డర్క్ ఒక్కడే, పక్కకుర్చీలో లెనోరా కోటు. ఎడమపక్క వరస చివర, నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో టిల్డా. ఆ కాగితం వంక చూశాను. ఓడిపోతారేమో, ఊళ్ళో సగంమంది వాళ్ళని చూస్తే రోడ్డు దాటిపోతారు, పోయిన నెల వాళ్ళ పోస్టుడబ్బా ఎవరో విరగ్గొట్టారు, అన్నీ తెలిసి కూడా ఆ కాగితం కింద కూర్చున్న మనిషి మీద నాకు కుళ్ళు పుట్టింది. దెబ్బలు తింటున్నవాళ్ళని చూసి ఓర్వలేకపోవడం ఏమిటి? ఆ దెబ్బలు పేరు పెట్టి పిలిచి మరీ కొడుతున్నారు కదా, అందుకేమో.

చర్చ నడిపే విలేకరి, నెరిసిన గడ్డం పెద్దమనిషి, కుటుంబం గురించి అడిగాడు. ముందు ఇంగ్రిడ్ చెప్పింది, సూటిగా, కాస్త తడబడుతూ. తర్వాత లెనోరా కాగితాలు పక్కకి పెట్టింది. పెట్టగానే నాకు తెలిసింది, ఇది వల్లించిన మాట, పార్టీ మనిషి కొత్తగా రాయించిన మాట. "కుటుంబమంటే ఏమిటో నాకు ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం తెలిసింది," అని మొదలుపెట్టింది. "నా జుట్టు దిండు మీద రాలిపోతోంది. ఇక మొత్తం తీసెయ్యాలి. ఆయన నన్ను వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. భుజాల చుట్టూ తువ్వాలు కప్పాడు. జుట్టు తీసే మెషిన్ తల వెనకనుంచి మొదలుపెట్టాడు, ఎందుకో తెలుసా? మొదటి కుచ్చు రాలడం నాకు కనపడకూడదని. మా డర్క్."

వెనకనుంచి మొదలుపెట్టింది నేను. ఆ వంటింటి కుర్చీ నాది, పసుపుపచ్చ రెక్సిను, ఒక కాలు పొట్టి. పార్లరుకి తాళం వేసి, కిటికీకి దుప్పటి కట్టాను. బయట మంచు ఊడ్చే లారీ ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. ఆవిడ నా చిన్న అద్దంలో చూసుకుని, అచ్చం మా నాన్న తల, అని నవ్వి, నవ్వుతూనే ఏడ్చి, నా పొట్టకి మొహం ఆనించింది, ఊపిరి నా జాకెట్టులోంచి వేడిగా తగిలింది. అప్పుడు నేను కింద కూర్చుని మెషిన్ తన చేతికిచ్చి, ఇప్పుడు నాది తియ్యి అన్నాను. వద్దంది, నేను లేవలేదు. వంకరటింకరగా తీసింది, చెవి వెనక ఒక పిలక వదిలేసింది. వచ్చినవాళ్ళందరికీ రంగు కలపడంలో పొరపాటై జుట్టు కాలిపోయిందని చెప్పాను, ఊరంతా నెలరోజులు నవ్వుకుంది, ఆ నవ్వులు నాకు హారాల్లా ఉండేవి. నా తల సంగతి మాత్రం ఆవిడ ఈ కథలో చెప్పలేదు. చెప్పడానికి లేదు, డర్క్ ఎప్పుడూ గుండు చేయించుకోలేదని అందరికీ తెలుసు కదా. ఆ మధ్యాహ్నంలో నాకు మిగిలింది ఆ పిలక ఒక్కటే. తక్కినదంతా ఆయన పేరు మీదికి పోయింది.

చప్పట్లు. ముసలివాళ్ళు లేచి నిలబడి కొట్టారు. ఎవరో డర్క్ భుజం తట్టారు. ఆయన తల వంచుకుని బూట్ల వంక చూస్తున్నాడు, సిగ్గుపడుతున్నాడని జనం ఇంకా గట్టిగా కొట్టారు. ఆ చప్పట్లు ఒక్కొక్కటీ నావని, నా చేతులవని, ఇప్పుడే వెళ్ళి ఆయన ఒళ్ళోంచి లాక్కోవాలని అనిపించింది. పక్కన టిల్డా కళ్ళు తుడుచుకుంటోంది. అవతలిపక్షం మనిషి, ఈవిడ తెచ్చే చట్టంతో పాపని పోగొట్టుకోబోయే మనిషి, ఏడుస్తోంది. "మా అమ్మకీ ఇలాగే అయింది," అంది నాతో, గొంతు తగ్గించి. "ఆవిణ్ణి ఇష్టపడలేను గానీ, ఎంత మంచి భర్త అండీ."

"అది ఆయన కాదు," అన్నాను. "నేను."

అనాలని అనుకోలేదు. నోట్లోంచి పన్ను ఊడి పడ్డట్టు పడింది. టిల్డా ముందు అర్థంకానట్టు చూసింది. తర్వాత డర్క్‌ని చూసింది, పైన లెనోరాని చూసింది, నా ఏప్రనుని చూసింది. మొహంలోంచి కన్నీళ్ళ మెత్తదనం వెళ్ళిపోయింది.

"ఆ సవరణ నెగ్గితే మరెన్‌కి నేను ఏమీ కాను. తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసే ఆవిడకి తల దువ్వి పంపిస్తున్నారా?"

ఏం చెప్పను? నువ్వు మా డాక్టరమ్మ అన్నావు కదా, దాని మీద నాకెంత కుళ్ళో నీకు తెలియదు, నీ గుండె పగిలినా నలుగురూ చూస్తూండగా పగులుతుంది, దానిమీదా కుళ్ళే, అని చెప్పనా? ఆవిడ మళ్ళీ నావైపు తిరగలేదు.

మధ్యలో కాసేపు విరామం ఇచ్చారు. వంటలగదిలో లెనోరా కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది, నా చేతుల కోసం మెడ వెనక్కి వాల్చింది. గోడకవతల ఇప్పుడు నవ్వుల్లేవు. టిల్డా గొంతు పైకి లేచింది, "ఎందుకు చెప్పకూడదు? మన పిల్ల విషయంలో వాళ్ళు మొహమాటపడ్డారా?" ఇంగ్రిడ్ ఏదో అంది, తగ్గుగా. "నీ మంచితనం తగలెయ్య," అని టిల్డా. ఏదో కుర్చీ జరిగింది. తలుపు దఢాల్మంది. పోట్లాడుకుంటున్నారు, కారిడార్లో జనం వింటున్నారని తెలిసి కూడా పోట్లాడుకుంటున్నారు. మేము ఎప్పుడూ గొంతు పెంచి పోట్లాడుకోలేదు. మాకెప్పుడూ పక్కన ఒక గోడ ఉండేది.

"దేని గురించి వాళ్ళ గొడవ?" కళ్ళు తెరవకుండానే అంది లెనోరా.

"నేను చెప్పాను."

"ఏం చెప్పావు?"

"ఆ వంటిల్లు నాదని."

కళ్ళు తెరిచింది. అద్దంలో నన్ను వెతుక్కుంది. రంగు పూసిన మొహం కింద అసలు మొహం తెల్లబోవడం నాకు కనిపించింది, అది చూడగలిగేదాన్ని నేనొక్కదాన్నే. కోప్పడుతుందనుకున్నాను. చాలా చిన్న గొంతుతో, "అంత మంచి సంగతి నా బతుకులో ఇంకొకటి లేదు, నడీన్. చెప్పాలనిపించింది. నీ పేరుతో ఎలా చెప్పను?" అంది. ఇది అబద్ధం కాదు. అబద్ధమైతే బావుండేది.

"చెప్పకుండా ఉండాల్సింది."

"నీకేం కావాలో చెప్పు. వాళ్ళు బయటపెడితే నా పని అయిపోతుంది. అదేనా కావలసింది?"

"ఆ చప్పట్లు," అన్నాను. "నాకు కొట్టాలి అవి."

ఆవిడ చెయ్యి వెనక్కి చాచి నా మణికట్టు పట్టుకుంది. కారిడార్లో అడుగుల చప్పుడుకి వెంటనే వదిలేసింది. పార్టీ మనిషి తల లోపలపెట్టి, టైమయిందండీ అన్నాడు. "వస్తున్నా," అని లేచి పోస్టరు నవ్వు తొడుక్కుంది, వెళ్ళింది. అంత త్వరగా వదిలేస్తుందని తెలుసు. ఇన్నేళ్ళుగా తెలుసు. అయినా మణికట్టు మీద వేళ్ళ వేడి ఉండగానే ఏప్రను ముడి విప్పి, వంటగది గట్టుమీద మడతపెట్టి ఉంచి, బయటికి నడిచాను.

గోడ దగ్గర ఆగలేదు. మెట్లు దాటి, జనం ముందునుంచి, విస్సర్ కుటుంబం అని రాసి ఉన్న వరసలోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. గొడవ చెయ్యాలని కాదు. నిలబడి నిలబడి కాళ్ళు నొప్పులు పుట్టాయి, ఎదురుగా కుర్చీ ఉంది. డర్క్ తలెత్తి చూశాడు. ఇంత దగ్గరగా ఆయన కళ్ళు ఎప్పుడూ చూడలేదు, లేత నీలం, కింద వాపు. ఇప్పుడు ఏమంటాడు, ఇది కుటుంబానికి అంటాడా, నర్సులాగా? ఆయన పక్కకుర్చీలోంచి భార్య కోటు తీశాడు.

"కూర్చో, నడీన్."

కూర్చున్నాను. ఆయన ముందుకి చూస్తూనే, పెదవులు కదలకుండా అన్నాడు, "ఆ కథ చెప్పొద్దని చెప్పాను. వినలేదు. నేను గొర్రె ఉన్ని కూడా సరిగ్గా తియ్యలేను, ఊరంతటికీ తెలుసు." మళ్ళీ ఆయనే, "అప్పుడు నీ తల చూసి నాకు అర్థమైంది. రంగు వల్ల కాలిపోతే అలా ఉండదు," అన్నాడు. ఇన్నేళ్ళు నేను ఈయన మీద పెట్టుకున్న కడుపుమంటంతా నాకే తిరిగొచ్చింది. చేతిలో ఉన్న కోటు ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, తర్వాత నా ఒళ్ళో పెట్టాడు. వెనకవరసలో ఎవరో గుసగుసలాడారు. నేను కోటు సరిచేసి పట్టుకున్నాను.

పైన లెనోరా నన్ను చూసింది. ఎప్పుడూ గోడవైపు వెతుక్కునే చూపు, అక్కడ నేను లేనందుకు తిరిగి తిరిగి వచ్చి, డర్క్ పక్కన ఆగింది. మాట ఆగిపోయింది. "సెనేటరు గారూ?" అన్నాడు విలేకరి. "సవరణ గురించి అడుగుతున్నాను." ఆవిడ నీళ్ళు తాగింది. ఇన్నేళ్ళలో ఆవిడ ప్రసంగం నేను ఎదురుగా కూర్చుని విన్నది లేదు. ఎప్పుడూ పక్కనుంచో, వెనకనుంచో. ఎదురుగా చూస్తే ఇంత వయసు కనిపిస్తుందనుకోలేదు. అటువైపు ఇంగ్రిడ్ చేతులు కట్టుకుని ఆవిడకేసే చూస్తోంది, ఎడమ వరసలో టిల్డా కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చెప్పలేదు వాళ్ళు. చెప్పరని నాకు అప్పుడు తెలిసింది.

లెనోరా గ్లాసు కింద పెట్టింది. మా ఇద్దరినీ చూస్తూనే గొంతు సవరించుకుని, పెళ్ళి గురించి, దేవుడి గురించి, మన తాతముత్తాతల గురించి, సవరణకి ఎందుకు ఓటెయ్యాలో ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. చివరిదాకా చెప్పింది. చివర్లో గొంతు కాస్త వణికితే జనం అది భక్తి అనుకున్నారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, అంత గట్టిగా ఆ సాయంత్రం ఇంకెప్పుడూ కొట్టలేదు. విస్సర్ కుటుంబం వరసలో ఇద్దరమే కూర్చుని ఉన్నాం. ఇద్దరమూ కొట్టలేదు.